11వ గ్రేడ్ మొదలవుతోంది: కాలేజీ అప్లికేషన్లు ఎప్పుడు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఎప్పుడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. భార్యాభర్తలిద్దరూ హెచ్-1బి మీద ఉద్యోగాలు చేస్తున్నారు, ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 1,80,000 డాలర్ల దాకా వస్తాయి. ఇక్కడే పుట్టిన అమ్మాయి 2026 ఆగస్టులో 11వ గ్రేడ్‌లోకి వెళ్తోంది. కాలేజీలకు అప్లై చేయడం, ఫైనాన్షియల్ ఎయిడ్ పనులు ఎప్పుడు మొదలెట్టాలి? "మీ జీతాలకు పైసా రాదు, ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే ఫారం) నింపడం దండగ" అని తెలిసినవాళ్లు అంటున్నారు, నిజమేనా?

ముందు సూటిగా జవాబు. అప్లికేషన్లు 12వ గ్రేడ్‌కు ముందు ఆగస్టు 1న, అంటే 2027లో తెరుచుకుంటాయి. అక్టోబర్ 15కీ నవంబర్ 1కీ మధ్య ముఖ్యమైనవన్నీ వెళ్లిపోవాలి. ఫాఫ్సా అదే ఏడాది అక్టోబర్ 1న తెరుచుకుంటుంది, ఆ వారంలోనే నింపేయండి. కానీ డబ్బు లెక్క ఇప్పటికే నడుస్తోంది. అది 2026 జనవరి 1న మొదలైంది. ఇక దండగ అన్న మాటంటారా, అది సగం నిజం. ఆ మిగతా సగంలోనే జనం నష్టపోతున్నారు.

ఆఖరి వాక్యాల సంగతే ముందు చెప్తాను, ఎందుకంటే తేదీలు ఎవరైనా చెప్తారు.

ఫాఫ్సా చూసేది అప్పటి జీతాన్ని కాదు, రెండేళ్ల కిందటి ట్యాక్స్ రిటర్న్‌ని. మీ అమ్మాయి కాలేజీలో అడుగుపెట్టేది 2028 ఆగస్టులో. ఆ 2028-29 ఫాఫ్సాకు ఆధారం 2026 ట్యాక్స్ సంవత్సరం. అంటే పిల్ల 10వ గ్రేడ్‌లో సగం ఉండగా మొదలై 11వ గ్రేడ్‌లో సగానికి ముగిసే క్యాలెండర్ ఏడాది. 12వ గ్రేడ్‌లో ఫారం తెరిచేసరికి ఆ ఏడాది ముగిసి తొమ్మిది నెలలు దాటిపోతుంది, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

కాబట్టి 2026 డిసెంబర్ 31 లోపు మీ ఆదాయాన్ని ఒక్కసారిగా పెంచే పని ఏదైనా ఉంటే ఆలోచించి చేయండి. ఇండియాలో ప్లాటు అమ్మితే వచ్చే లాభం ఇక్కడి రిటర్న్‌లో క్యాపిటల్ గెయిన్‌గా పడుతుంది. అక్కడ ట్యాక్స్ కట్టేశాం కదా అంటే, ఆ క్రెడిట్ ట్యాక్స్‌ని తగ్గిస్తుంది గానీ ఆదాయం అంకెను తగ్గించదు. షేర్లు అమ్మడం, రిటైర్మెంట్ ఖాతా 401కె లోంచి తీయడం, ట్రెడిషనల్ ఐఆర్ఏని రాత్ ఐఆర్ఏలోకి మార్చడం, ఇవన్నీ అంతే. కంపెనీ ఇచ్చే షేర్లు (ఆర్ఎస్‌యూలు) ఎప్పుడు మీ సొంతమవుతాయన్నది మీ చేతిలో లేదు, దాని గురించి బెంగ పెట్టుకోకండి. మీ చేతిలో ఉన్నవాటిని మాత్రం ఈ ఏడాదిలో పడకుండా చూసుకోవచ్చు.

ఇక ఆస్తులు. ఆదాయం రెండేళ్ల కిందటిది అయితే, ఆస్తులు మాత్రం ఫారం మీద సంతకం పెట్టే రోజువి. మీరుండే ఇల్లు ఫాఫ్సా లెక్కలోకి రాదు. 401కె, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలు రావు. బ్యాంకు నిల్వలు, షేర్లు, చదువు కోసం దాచే 529 ప్లాన్, మీరుండని ఇళ్లు, స్థలాలు వస్తాయి. "మీరుండని ఇళ్లు" అన్న చోట దేశం పేరు లేదు. కూకట్‌పల్లిలో అద్దెకిచ్చిన ఫ్లాటు, శంకర్‌పల్లి దగ్గర కొన్న ప్లాటు, ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్, అన్నీ రాయాల్సిందే.

ఎంత తేడా వస్తుందో చూడండి. తల్లిదండ్రుల ఆస్తిలో ఏడాదికి గరిష్ఠంగా 5.64 శాతం చదువుకు పెట్టగలరని ఫార్ములా అనుకుంటుంది. పిల్ల పేరు మీదున్న ఆస్తిలో అయితే 20 శాతం. లక్ష డాలర్ల ప్లాటు మీ పేరున ఉంటే మీ వంతు 5,640 డాలర్ల దాకా పెరుగుతుంది. అదే తాతగారు ముద్దుగా మనవరాలి పేరిట 10,000 డాలర్లు వేస్తే ఆ ఒక్కదానికే 2,000, అదీ ఏటా. మీ పేరున ఉంటే 564తో పోయేది. పిల్లల పేరుతో తెరిచిన యూటీఎంఏ ఖాతాలు ఉంటే ఇప్పుడే గుర్తు చేసుకోండి. వాటిలోని డబ్బుని పిల్ల అవసరాలకే, ఉదాహరణకు ల్యాప్‌టాప్‌కో ఎస్ఏటీ కోచింగ్‌కో, ముందే వాడేయడం న్యాయమైన దారి. తిరిగి మీ ఖాతాలోకి లాక్కోవడం కుదరదు, చట్టం ప్రకారం అది పిల్ల సొమ్ము.

ఇండియా ఆస్తుల విషయంలో తరచూ తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. రాయాల్సింది నికర విలువ: మార్కెట్ ధరలోంచి ఆ ఆస్తి మీదే ఉన్న అప్పు తీసేసి రాయాలి. ఫ్లాటు మీద హోమ్ లోన్ ఉంటే తీసేయొచ్చు. పర్సనల్ లోన్, చేబదులు తీసేయకూడదు. అన్నదమ్ములతో కలిసి కొన్న స్థలమైతే మీ వాటా వరకే. నాన్నగారి పేరిట ఉన్న ఇల్లు రేపు మీకు వస్తుందని తెలిసినా ఇవాళ అది మీది కాదు, రాయనక్కర్లేదు. పొలం విషయంలో జనం ఆశపడతారు, ఎందుకంటే 2026-27 నుంచి కుటుంబ వ్యవసాయ క్షేత్రాన్ని లెక్కలోంచి తీసేశారు. కానీ ఆ మినహాయింపు కుటుంబం అక్కడే నివసిస్తున్న పొలానికి. తెనాలి దగ్గర కౌలుకిచ్చిన రెండెకరాలకు వర్తించదు.

"ఇండియాలో ఉన్నది ఇక్కడివాళ్లకెలా తెలుస్తుంది" అని అడిగేవాళ్లు ఉంటారు. అద్దె, వడ్డీ మీ ట్యాక్స్ రిటర్న్‌లోనే కనిపిస్తాయి, విదేశీ ఖాతాలకు విడిగా ఎఫ్‌బార్ రిపోర్టు వేస్తున్నారు. కాలేజీ వెరిఫికేషన్‌కి తీసుకుంటే కాగితాలు అడుగుతుంది. తప్పుడు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చని ఫారం మీదే రాసి ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లు ఆ దరిదాపులకు కూడా పోవద్దు.

మరి 1,80,000 ఆదాయానికి ఏం వస్తుంది? ఫెడరల్ పెల్ గ్రాంట్ రాదు, అది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు. ఇటీవలి గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు. టెక్సస్ రాష్ట్రపు గ్రాంట్లూ రావు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ (యూటీ) సిస్టమ్ కాలేజీలు 2025 నుంచి ట్యూషన్ మాఫీ చేస్తున్నది 1,00,000 డాలర్లలోపు ఆదాయం ఉన్నవాళ్లకు. ఇంతవరకూ మీ స్నేహితుల మాట నిజమే.

కానీ ఫాఫ్సా నింపితేనే అమ్మాయి తన పేరు మీద ఫెడరల్ డైరెక్ట్ లోన్ తీసుకోగలదు. మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత ఏటా 7,500, డిగ్రీ ఎన్నేళ్లు పట్టినా మొత్తం మీద పరిమితి 31,000 డాలర్లు. దీనికి ఆదాయ పరిమితి లేదు, తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు, క్రెడిట్ స్కోరు చూడరు. మీరు తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్, అంటే పేరెంట్ ప్లస్ లోన్ మీద లెక్కలు వేసుకుంటుంటే వేరే సంగతులు రెండున్నాయి. ఒకటి, ఆ లోన్ తీసుకునే తల్లి లేదా తండ్రికి అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి, హెచ్-1బి సరిపోదు. రెండు, 2026 జూలై 1 తర్వాత కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్ల పరిమితి పెట్టారు. పాత సలహాలు వింటే ఇక్కడ దెబ్బ తింటారు.

ఇంకో కారణం ఉద్యోగాల పరిస్థితి. ఫాఫ్సా 2026 జీతాన్ని చూస్తుంది. 2028 మార్చిలో ఇద్దరిలో ఒకరికి లేఆఫ్ అయితే? కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు రాసి, ప్రొఫెషనల్ జడ్జిమెంట్ కింద మళ్లీ లెక్క వేయమని అడగొచ్చు. టెర్మినేషన్ లెటర్, ఆఖరి పే స్టబ్, సెవరెన్స్ కాగితం జత చేస్తే వాళ్లకు అంకె మార్చే అధికారం ఉంది. కానీ అసలు ఫాఫ్సా వేసి ఉండకపోతే మార్చడానికి ఏముంటుంది? పైగా కొన్ని కాలేజీలు తమ సొంత స్కాలర్‌షిప్‌కి కూడా ఫాఫ్సా దాఖలై ఉండాలంటాయి. టెక్సస్‌లో హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కే ఫాఫ్సా నింపడమో, వద్దని సంతకం పెట్టి ఇవ్వడమో చేయాలి. ఎలాగూ ఒక కాగితం తప్పదు, ఆ నింపేదేదో నింపండి.

అసలైన డబ్బు మీ స్థాయి కుటుంబాలకు దొరికేది రెండు చోట్ల. ఒకటి మెరిట్ స్కాలర్‌షిప్‌లు. రెండోది బాగా నిధులున్న ప్రైవేట్ యూనివర్సిటీలు. ఏడాదికి 90 వేల డాలర్ల చుట్టూ ఖర్చు చూసి వాటి పేరెత్తడానికే భయపడతారు గానీ, 2025-26 నుంచి హార్వర్డ్, ఎంఐటీ 2,00,000 డాలర్లలోపు ఆదాయానికి, ప్రిన్స్‌టన్ 2,50,000 దాకా చాలా కుటుంబాలకు ట్యూషన్ తీసుకోవడం లేదు. ఆస్తులు మామూలుగా ఉన్న కుటుంబాలకని దాని వెనుక షరతు ఉంటుంది. సీటు రావడం వేరే కథ, నేను మాట్లాడుతున్నది డబ్బు గురించి. ఊహించుకోవద్దు, లెక్క వేయండి: ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉండాలని ఫెడరల్ చట్టం. ఈ వేసవిలోనే ఒక శనివారం కూర్చుని, ట్యాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని, ఆరేడు కాలేజీలకు వేసి చూడండి. ఏడాది ముందే తెలిసిన అంకె అమ్మాయి లిస్టు తయారు చేసేటప్పుడు పనికొస్తుంది. సీటొచ్చాక కట్టలేమని చెప్పడం కంటే ఇది మేలు.

ఈ ప్రైవేట్ కాలేజీల్లో చాలావాటికి ఫాఫ్సాతోపాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఫారం కూడా కావాలి. ఇది కాలేజ్ బోర్డు నడిపేది, ఇదీ అక్టోబర్ 1నే తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితం. ఇది ఫాఫ్సా కంటే లోతుగా తవ్వుతుంది. ఉంటున్న ఇంటి విలువ అడుగుతుంది, 401కెలో ఆ ఏడాది వేసిన మొత్తం అడుగుతుంది. ఒక మంచి కూడా ఉంది: ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సా 2024-25 నుంచి ఆ సంగతి పట్టించుకోవడం మానేసింది, సీఎస్ఎస్ వాడే కాలేజీలు చాలావరకు ఇంకా పట్టించుకుంటాయి. ఊళ్లో అమ్మానాన్నలకు నెల నెలా పంపే డబ్బు, వాళ్ల ఆసుపత్రి ఖర్చులు ఫాఫ్సాలో రాసే చోటే లేదు. సీఎస్ఎస్‌లో ప్రత్యేక పరిస్థితులు చెప్పుకునే పెట్టె ఒకటుంది. అక్కడ కష్టాలు ఏకరువు పెట్టకుండా అంకెలతో నాలుగు వాక్యాలు రాయండి: నెలకు ఎంత, ఎవరికి, ఎప్పటినుంచి, రుజువు ఏముంది.

ఎర్లీ డెసిషన్‌కి (సీటొస్తే చేరతామని ముందే కట్టుబడి అప్లై చేయడానికి) వెళ్తే సీఎస్ఎస్ డెడ్‌లైన్ నవంబర్‌లోనే పడుతుంది. చాలామంది జనవరి అనుకుని జారవిడుస్తారు.

ఫాఫ్సా నింపే రోజు గురించి కొంచెం వివరంగా చెప్తాను. అరగంట పని అది, కానీ మన ఇళ్లలో రెండు వారాలు పడుతుంది. కారణం పేర్లు.

పిల్లకు ఒక స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ ఖాతా, తండ్రికో తల్లికో మరొకటి ఉండాలి. ఇద్దరూ జాయింట్‌గా ట్యాక్స్ వేస్తే తల్లిదండ్రుల్లో ఒకరు చాలు. విడివిడిగా వేస్తే ఇద్దరికీ ఖాతాలు కావాలి. ఆ ఖాతాలో ఇచ్చిన పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ఆ శాఖ రికార్డుతో సరిపోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి కార్డు మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లు, వెంకట సత్యనారాయణలో "వెంకట" మొదటి పేరై "సత్యనారాయణ" మధ్య పేరైపోయినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. లింక్డిన్‌లో ఉన్న పేరు కాదు, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద అక్షరం అక్షరం ఎలా ఉంటే అలా ఇవ్వండి. కార్డు మీదే తప్పుంటే ఆ దిద్దుబాటుకి వారాలు పట్టొచ్చు. అందుకే ఖాతాలు తెరిచే పని 2027 వేసవిలోనే, ఫారం తెరుచుకోకముందే పెట్టుకోండి. ఒకే ఫోన్ నంబరు రెండు ఖాతాలకు పనిచేయదు. పిల్లకు స్కూలు ఈమెయిల్ ఇవ్వొద్దు, గ్రాడ్యుయేషన్ తర్వాత అది మూతపడుతుంది, తర్వాతి మూడేళ్లూ ఫాఫ్సా నింపాలి.

రెండో పెద్ద తప్పు, నాన్నే కూర్చుని మొత్తం నింపేయడం. ఫారంలో "మీరు" అంటే విద్యార్థి. ఆ సంగతి మరిచి తన పుట్టిన తేదీ వేసి, తన జీతాన్ని పిల్ల జీతంగా రాసి, పెళ్లయిందని టిక్ పెట్టి, ఆఖరికి పిల్లని ఇండిపెండెంట్ (తల్లిదండ్రుల మీద ఆధారపడని విద్యార్థి) చేసేసినవాళ్లు ఉన్నారు. పిల్ల తన ఖాతాతో మొదలుపెట్టి, మీకు ఆహ్వానం పంపి, మీ భాగం మీరు మీ ఖాతాతో నింపాలి. మధ్యలో ట్యాక్స్ వివరాలు ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ నుంచి నేరుగా తెచ్చుకోవడానికి సమ్మతి అడుగుతుంది. పిల్ల కూడా ఇవ్వాలి, మీరూ ఇవ్వాలి. ఒక్కరు కాదన్నా ఫెడరల్ ఎయిడ్ మొత్తం ఆగిపోతుంది. పిల్లకు ఆదాయమే లేదు, రిటర్నే వేయలేదు అన్నా సరే, సమ్మతి ఇవ్వాల్సిందే.

మీ వీసా స్థితితో ఫాఫ్సాకు పని లేదు. చూసేది అమ్మాయి పౌరసత్వమే. పంపాక ఒకటి నుంచి మూడు రోజుల్లో ప్రాసెస్ అయి, మీ వంతు ఎంతో లెక్కగట్టే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే అంకె వస్తుంది. ఒక ఫారంలో 20 కాలేజీల దాకా పెట్టొచ్చు. ఇంకా అప్లై చేయని కాలేజీ పేరు పెట్టినా తప్పు లేదు.

తేదీల మాట. ఫెడరల్ డెడ్‌లైన్ చదివే సంవత్సరం చివర జూన్ 30 దాకా ఉంటుంది, దాన్ని చూసి నిద్రపోకండి. టెక్సస్ ప్రయారిటీ తేదీ జనవరి 15, కాలిఫోర్నియాలో మార్చి 2 అని చెప్తుంటారు, ఇల్లినాయ్‌లో నిధులు ఉన్నంతవరకే. కాలేజీల సొంత తేదీలు ఇంకా ముందుంటాయి. 2023లో కొత్త ఫారం తెచ్చినప్పుడు డిసెంబర్ ఆఖరుకు గానీ తెరుచుకోలేదు, మరుసటి ఏడాది నవంబర్ అయింది. ఆ తర్వాత అక్టోబర్ 1 దాటకూడదని చట్టమే చేశారు. 2025లో అయితే సెప్టెంబర్ 24కే తెరిచేశారు. కాబట్టి సెప్టెంబర్ ఆఖరి వారం నుంచే ఓ కన్నేసి ఉంచండి.

అప్లికేషన్ వైపు పనులు. ఇవి మీ అమ్మాయి చేసేవి, మీరు గుర్తు చేసేవి.

2026 అక్టోబర్‌లో పీఎస్ఏటీ (ఎస్ఏటీకి ముందు రాసే పరీక్ష) ఉంటుంది. నేషనల్ మెరిట్ అనే స్కాలర్‌షిప్ పోటీకి లెక్కలోకి వచ్చేది 11వ గ్రేడ్‌లో రాసిందే. నేషనల్ మెరిట్ ఫైనలిస్టులకు పెద్ద ప్యాకేజీలు ఇచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి, మీకు దగ్గర్లోనే ఉన్న యూటీ డాలస్‌కి ఆ పేరుంది. ఎస్ఏటీ మార్చిలోనో మేలోనో ఒకసారి, అవసరమైతే ఆగస్టులో మరోసారి. యూటీ ఆస్టిన్, ఎంఐటీ, జార్జియా టెక్ స్కోరు తప్పనిసరి అంటున్నాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు స్కోరు ఇచ్చినా చూడవు.

రికమెండేషన్లు అడగాల్సింది 11వ గ్రేడ్ ముగిసే ముందు, ఏప్రిల్-మే నెలల్లో. మంచి టీచర్లు ఇంతమందికే రాస్తామని పరిమితి పెట్టుకుంటారు. సెప్టెంబర్‌లో అడిగితే ఆ జాబితా నిండిపోయి ఉంటుంది. లెక్కలు లేదా సైన్స్ టీచర్ ఒకరు, ఇంగ్లిష్ లేదా హిస్టరీ టీచర్ ఒకరు ఉంటే బాగుంటుంది. కౌన్సెలర్ అడిగే బ్రాగ్ షీట్ అనే ఫారాన్ని మనవాళ్లు రెండు ముక్కల్లో నింపి ఇచ్చేస్తారు. వందలమంది పిల్లల్ని చూసే కౌన్సెలర్ మీ అమ్మాయి గురించి రాసే ఉత్తరానికి ముడిసరుకు అదే.

టెక్సస్‌లో క్లాస్ ర్యాంకు మరో సంగతి. యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ నుంచి పైనున్న 5 శాతానికి కుదించారు, అంతకుముందు 6 శాతం. ఆ ర్యాంకు 11వ గ్రేడ్ ఆఖరుది. ఫ్రిస్కో లాంటి పోటీ ఉన్న చోట 5 శాతంలో ఉండటం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఆటోమేటిక్ అంటే యూనివర్సిటీలో సీటు మాత్రమే, కంప్యూటర్ సైన్స్‌లోనో ఇంజినీరింగ్‌లోనో సీటు కాదు. మేజర్ కోసం ఎస్సేలు, యాక్టివిటీలు మళ్లీ చూస్తారు. "ఆటో అడ్మిట్ కదా" అని ఎస్సేలు మొక్కుబడిగా రాసి, అడగని బ్రాంచిలో తేలిన పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు.

2027 జూన్-జూలై ఎస్సే నెలలు. చాలా కాలేజీలకు కలిపి పనికొచ్చే అప్లికేషన్ కామన్ యాప్‌లో ప్రధాన ఎస్సే 650 పదాలు దాటకూడదు. ఖాతా ముందే తెరుచుకోవచ్చు, ప్రొఫైల్, యాక్టివిటీలు ఆగస్టు 1 తర్వాత కూడా నిలిచి ఉంటాయి. కాలేజీలవారీ ప్రశ్నలు మాత్రం ఆగస్టు 1న కొత్తగా వస్తాయి కాబట్టి వాటికి ముందే జవాబులు రాసి పెట్టకండి.

యాక్టివిటీలు పది పెట్టొచ్చు, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. మన పిల్లల అప్లికేషన్లు బలహీనంగా కనిపించేది ఈ పెట్టెల్లోనే. "చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నాను, మన సంస్కృతి అంటే ఇష్టం" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. అదే "9 ఏళ్ల శిక్షణ; రెండు గంటల సోలో అరంగేట్రం; ఆదివారాలు 12 మంది చిన్నపిల్లలకు నాట్యం అడుగులు నేర్పుతాను" అంటే సమయం, స్థాయి, బాధ్యత మూడూ కనిపిస్తాయి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని విడిగా అడుగుతారు. అక్కడ వేసిన అంకెలన్నీ కూడి చూడండి. వారానికి 60 గంటలు తేలితే చదివేవాళ్లు నమ్మరు.

పంపే క్రమం: యూటీ ఆస్టిన్ ఎర్లీ యాక్షన్ (ముందుగా పంపేది, సీటొచ్చినా చేరి తీరాలని లేదు) తేదీ ఇటీవల అక్టోబర్ 15. పర్డ్యూ, మేరీలాండ్, మిషిగన్ లాంటివి నవంబర్ 1. మెరిట్ స్కాలర్‌షిప్ కావాలంటే చాలా చోట్ల ఈ ఎర్లీ తేదీయే లెక్క, జనవరిలో పంపితే సీటు రావచ్చు గానీ డబ్బు పోయినట్టే. రెగ్యులర్ డెడ్‌లైన్లు చాలా ప్రైవేట్ కాలేజీల్లో జనవరి మొదటి పదిహేను రోజుల్లో ఉంటాయి, జవాబులు మార్చి ఆఖరుకల్లా వస్తాయి, ఏదో ఒకటి ఖాయం చేయాల్సింది మే 1 లోపు.

కాలేజీ డెడ్‌లైన్ కంటే ముందు మీ హైస్కూల్ సొంత డెడ్‌లైన్ ఉంటుంది, ట్రాన్‌స్క్రిప్ట్ కోసం. రెండు మూడు వారాల ముందే అడగమంటారు. అక్టోబర్ 15కి పంపాలంటే సెప్టెంబర్‌లోనే రిక్వెస్ట్ పెట్టాలన్నమాట.

ఎర్లీ డెసిషన్ గురించి అడగలేదు గానీ తప్పక అడుగుతారు. అది కట్టుబడే ఒప్పందం. సీటొస్తే మిగతావన్నీ విరమించుకోవాలి. ఎయిడ్ చాలకపోతే బయటపడొచ్చు, కానీ నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టుకుని పోల్చుకునే వీలు పోతుంది. నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో వచ్చిన అంకె మీరు సునాయాసంగా కట్టగలిగేది అయితేనే వెళ్లండి.

ఇది చదివేవాళ్లలో పిల్లలు హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకు లెక్క వేరు. ఫాఫ్సా ద్వారా ఫెడరల్ ఎయిడ్ ఉండదు. టెక్సస్‌తో సహా పలు రాష్ట్రాల్లో నివాస నిబంధనలు తీరితే ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుంది, అది చిన్న విషయం కాదు. ప్రైవేట్ కాలేజీలు ఎయిడ్ విషయంలో ఎక్కువగా ఇంటర్నేషనల్ విద్యార్థి కిందే చూస్తాయి. ఎయిడ్ కావాలని అప్లికేషన్‌తోపాటే చెప్పాలి, తర్వాత అడిగితే చాలా చోట్ల ఇవ్వరు. అడిగితే సీటు అవకాశం తగ్గే కాలేజీలే ఎక్కువ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హెర్స్ట్, బోడన్ లాంటి కొన్ని మాత్రం అడిగారా లేదా అన్నది సీటు విషయంలో చూడవు. హైదరాబాద్, విజయవాడల్లో ఇంటర్ చదువుతూ అక్కడి నుంచే బ్యాచిలర్స్‌కి అప్లై చేసే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, తేదీలతో సహా. హెచ్-4 పిల్లలకు 21 నిండితే ఆ స్థితి పోతుంది, కాలేజీ మధ్యలో విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాల్సి వస్తే ఇన్-స్టేట్ ఫీజు ఏమవుతుందో ఆ కాలేజీ రెసిడెన్సీ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. మధ్యలో గ్రీన్ కార్డు చేతికొస్తే ఆ ఏడాదికే ఫాఫ్సా వేయొచ్చు, వచ్చే ఏడాది దాకా ఆగనక్కర్లేదు.

ఆఫర్ లెటర్లు వచ్చాక మొదటి పేజీలో ఉన్న మొత్తం చూసి సంబరపడకండి. గ్రాంటు, స్కాలర్‌షిప్, వర్క్-స్టడీ, లోను అన్నీ ఒకే వరసలో కూడి "మీ ఎయిడ్" అంటారు. లోను మీరే తీర్చేది. వర్క్-స్టడీ పిల్ల పనిచేసి సంపాదించేది. రెండూ కొట్టేసి, మొత్తం ఖర్చులోంచి మిగిలినది తీసేసి చూడండి. మెరిట్ స్కాలర్‌షిప్ అయితే నాలుగేళ్లూ ఉంటుందా, జీపీఏ ఎంత నిలబెట్టాలి అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకొక్క లెక్క. ఫాఫ్సా ఏటా కొత్తగా వేయాలి కాబట్టి మీ అమ్మాయికి వరసగా 2026, 2027, 2028, 2029 ట్యాక్స్ సంవత్సరాలు చూస్తారు. ఆఖరి ఏడాది, అంటే 2031-32, ఫారానికి ఆధారం 2029. హైదరాబాద్ ఫ్లాటు అమ్మే ఆలోచన ఉండి తొందరేమీ లేకపోతే, 2030 జనవరి తర్వాత అమ్మిన లాభం ఆమె ఫాఫ్సా ఆదాయంలోకి రాదు. వెనకాల తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం వాళ్ల 10వ గ్రేడ్ జనవరి ఎప్పుడో చూసుకుని మళ్లీ లెక్క వేయండి.